తిరుపతికి, చిత్తూరుకు, కాణిపాకానికి: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగు చేయడం ఎలా

బస్సు వేళలు చూపించే ఓపెన్ సోర్స్ యాప్ ఒకటి ఉందనుకోండి, అంటే కోడు అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా మార్పులు చేసి పంపగలిగేది. ఇంగ్లీషులో 'బసెస్ టు' అని రాసి పక్కన ఊరి పేరు తగిలిస్తే ఏ ఊరికైనా సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. తిరుపతికి అంటాం, చిత్తూరుకు అంటాం, కాణిపాకానికి అంటాం. పేరు చివర ఏ అచ్చు ఉందో చూసుకుని విభక్తి మారుతుంది. కాణిపాకం దగ్గరికి వచ్చేసరికి పేరు రూపమే మారిపోతుంది. ప్రోగ్రాం రాసినవాళ్ళు ఎక్కడో ఏ దేశంలోనో ఉంటారు, వాళ్ళకు ఈ సంగతి తెలియదు. సర్దాల్సింది అనువాదం చేసేవాళ్ళే. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట వెతకడం ఈ పనిలో చిన్న భాగం. ఏ పేరు వచ్చి కూర్చున్నా, ఏ అంకె వచ్చి పడినా తెర మీద వాక్యం చెడకుండా రాయడం పెద్ద భాగం. అందుకే కింద ఆ విషయానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందు కీబోర్డు సంగతి

కోడింగ్ రానక్కర్లేదు. యూనికోడ్‌లో (ఏ యంత్రంలోనైనా ఒక అక్షరానికి ఒకే సంకేతం ఉండే పద్ధతిలో) తెలుగు టైపు చేయడం రావాలి, మెనూల్లో ఉండే ఇంగ్లీషు అర్థం కావాలి, రోజుకో గంట తీరిక ఉండాలి. వెబ్‌సైటులోనే సాగే అనువాదాలకు ఫోను కూడా చాలు. కానీ ఇంగ్లీషునీ తెలుగునీ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలంటే కంప్యూటరే నయం.

తిరుపతిలో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో అను ఫాంట్ల వాడకం ఎక్కువ. ఆ పని చేసినవాళ్ళకు తెలుగు టైపింగు చేతిలో పని. అయితే ఆ ఫైల్లో నిజంగా ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు సంకేతాలకు తొడిగిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని యంత్రంలో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్‌లోకి అలాంటి పాఠం పనికిరాదు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు లేఅవుట్ ముందే ఉంటుంది, భాషల అమరికల్లో తెలుగును కలుపుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటున్నవాళ్ళు దాన్నే వాడుకోవచ్చు. యూనికోడ్ అయితే ఏ పద్ధతిలో కొట్టినా పుట్టే అక్షరం ఒక్కటే.

కీబోర్డు మీద మొదటిరోజే వెతికి పెట్టుకోవాల్సిన మీట ఇంకొకటి ఉంది: జీరో విడ్త్ నాన్ జాయినర్. ఇది కంటికి కనిపించని అక్షరం. 'పాస్‌వర్డ్'లో పొల్లు సకారం తర్వాత ఇది పడితేనే వకారం పక్కన నిలబడుతుంది. లేకపోతే 'పాస్వర్డ్' అని వత్తుగా కిందికి దిగిపోతుంది. చదవడానికి ఇబ్బంది ఒకటైతే, అంతకన్నా పెద్ద చిక్కు వెతుకులాటలో వస్తుంది. ఒకరు ఆ అక్షరంతో, ఇంకొకరు అది లేకుండా రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. ఫైలంతా వెతికి ఒకేసారి మార్చాలన్నప్పుడు సగం దొరుకుతాయి, సగం మిగిలిపోతాయి.

దేన్ని ఎంచుకోవాలి, ఎక్కడికి వెళ్ళాలి

మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. ఒక మీట నొక్కితే ఏం జరుగుతుందో తెలియకుండా దానికి తెలుగులో పేరు పెట్టడం సాధ్యం కాదు. పేరున్నది చేయాలన్న తపనతో మొదటే లిబ్రెఆఫీస్ లాంటి పెద్ద ఆఫీసు సాఫ్ట్‌వేర్ మీద పడకండి. అందులో వాక్యాలు వేలల్లో ఉంటాయి, చేసింది ఎక్కడ కనిపిస్తుందో వెతుక్కోవడానికే నెల పడుతుంది. రెండు వందల నుంచి ఐదు వందల వాక్యాలున్న చిన్న యాప్ మంచి మొదలు. మొదట్లో గంటకు ముప్పై నలభై వాక్యాలు తెమిలితే బాగా చేస్తున్నట్టే.

ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో వేదిక ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ అనువాదం మొజిల్లా వాళ్ళ పాంటూన్‌లో జరుగుతుంది. లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌కు డామ్‌డ్ లైస్ అనే సైటు ఉంది. లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ వెబ్లేట్ అనే వేదికను వాడతాయి. వర్డ్‌ప్రెస్‌కు గ్లాట్‌ప్రెస్, వికీపీడియా నడిచే మీడియావికీకి ట్రాన్స్‌లేట్‌వికీ. చిన్న ప్రాజెక్టుల్లో ఏ వేదికా లేకుండా ప్రాజెక్టుల కోడు ఉండే గిట్‌హబ్ సైటులోని ఫైలునే మార్చి పంపమంటారు. ఎక్కడ చేయాలో ప్రాజెక్టు రీడ్‌మీ ఫైల్లోనో, 'కాంట్రిబ్యూటింగ్' అన్న ఫైల్లోనో రాసి ఉంటుంది. అది చదవకుండా మొదలుపెట్టకండి. ప్రాజెక్టు వెబ్లేట్ వాడుతుంటే గిట్‌హబ్‌లో ఉన్న ఫైలును నేరుగా దిద్దకూడదు. రెండు చోట్ల రెండు మార్పులు పడి ఢీకొంటాయి, మీ శ్రమ పక్కన పడేస్తారు.

తెలుగు సంకేతం 'టీఈ'. ఆ పేరుతో ఫైలు ముందే ఉందేమో చూడండి. ఉంటే తెరిచి, పైన ఉండే వివరాల్లో చివరిసారి ఎప్పుడు దిద్దారో, ఎవరు దిద్దారో చూడండి. ప్రాజెక్టు కూడా బతికి ఉందో లేదో తేల్చుకోండి. రెండేళ్ళుగా ఒక్క విడుదలా రాని యాప్‌కు ఎంత బాగా అనువదించినా ఎవరి ఫోన్లోకీ చేరదు.

మీ పేరు, ఈమెయిల్ విషయం ఖాతా తెరిచేటప్పుడే ఆలోచించుకోండి. కోడులో మార్పుల్ని నమోదు చేసే గిట్ అనే పనిముట్టు చరిత్రలో ప్రతి మార్పు పక్కన అవి రెండూ నమోదవుతాయి, అది అందరికీ కనిపిస్తుంది, తర్వాత చెరపడం దాదాపు కుదరదు. వెబ్లేట్‌లోనూ గిట్‌హబ్‌లోనూ అసలు ఈమెయిల్ బయటపడకుండా వేరే చిరునామా వాడుకునే వీలుంది. మొదటి వాక్యం రాయకముందే దాన్ని పెట్టుకోండి.

ఇరవై చేసి ఆగండి

తెలుగు జట్టు ఉంటే వాళ్ళకు ఒక చిన్న సందేశం పెట్టండి: ఫలానా యాప్ వాడుతున్నాను, ఫలానా భాగం తెలుగు చేయాలనుకుంటున్నాను, పదకోశం ఏదైనా ఉందా అని. పాంటూన్‌లో కొత్తవాళ్ళు రాసింది సూచనగానే నిలుస్తుంది, జట్టులో హక్కులున్నవాళ్ళు చూసి ఆమోదిస్తారు. డామ్‌డ్ లైస్‌లో ఒక మాడ్యూలును మీ పేరున 'రిజర్వ్' చేసుకుని, ఫైలు దించుకుని, పూర్తిచేసి ఎక్కిస్తే సమీక్షకు వెళుతుంది.

మొదటి ఇరవై వాక్యాలు చేసి ఆగండి, ఎవరైనా చూసేదాకా ముందుకు పోకండి. 'సెట్టింగ్స్'కు మీరొక మాట అనుకుని నాలుగు వందల చోట్ల రాశాక, జట్టు వేరే మాట వాడుతోందని తెలిస్తే నాలుగు వందల చోట్లా మార్చాలి. ఇరవై దగ్గరే తెలిస్తే పది నిమిషాల పని.

కాలేజీ ల్యాబులో నలుగురైదుగురు కలిసి కూర్చునే వీలుంటే ఇంకా మంచిది. మొదటి గంట ఒక్క వాక్యం కూడా అనువదించకండి. తరచుగా వచ్చే ముప్పై మాటలు తీసి, ఒక్కోదానికి ఒక తెలుగు మాట ఖాయం చేసుకుని ఒక షీటులో రాసుకోండి. తర్వాత ఫైళ్ళవారీగా పంచుకోండి. ఒకే ఫైలు ఇద్దరి చేతిలో ఉండకూడదు. చివరి గంటలో ఒకరు రాసింది ఇంకొకరు పైకి చదవాలి. కంటికి బాగానే ఉన్నది నోటికి తిరగకపోవడం అప్పుడే బయటపడుతుంది.

పీవో ఫైలు లోపల

ఎక్కువ ప్రాజెక్టులు అనువాదాల కోసం ఉన్న గెట్‌టెక్స్ట్ అనే పద్ధతిలో పీవో ఫైళ్ళు వాడతాయి. పోఎడిట్ అనే ఉచిత ఎడిటర్లో తెరవచ్చు. ఇందులో ప్రతి వాక్యానికీ ఒక జంట ఉంటుంది: 'ఎంఎస్‌జీఐడీ' అంటే ఇంగ్లీషు మూలం, 'ఎంఎస్‌జీఎస్‌టీఆర్' అంటే మీరు నింపాల్సిన చోటు. మూలాన్ని ఎప్పుడూ ముట్టుకోకండి. అందులో అక్షరదోషం కనిపించినా సరే. ప్రోగ్రాం ఆ ఇంగ్లీషు వాక్యాన్ని పట్టుకునే తెలుగు వాక్యాన్ని వెతుకుతుంది, ఒక్క చుక్క మారినా దొరకదు.

జంట పైన హాష్ గుర్తుతో కొన్ని వరుసలు ఉంటాయి, వాటిని చాలామంది చూడకుండా పోతారు. హాష్, చుక్క ఉన్న వరుస ప్రోగ్రాం రాసినవాళ్ళు అనువాదకుల కోసం పెట్టిన వివరణ. హాష్, కోలన్ ఉన్నది ఆ వాక్యం ఏ ఫైల్లో ఎన్నో వరుసలో ఉందో చెబుతుంది. 'ఎంఎస్‌జీసీటీఎక్స్‌టీ' అన్నది ఉంటే సందర్భం. 'లెఫ్ట్' అనే మాట 'ఎడమ' కావచ్చు, 'మిగిలింది' కావచ్చు. 'సన్' ఆదివారానికి పొట్టిరూపం కావచ్చు, సూర్యుడు కావచ్చు. 'మే' నెల కావచ్చు, 'చేయవచ్చు' అనడంలోని 'వచ్చు' కావచ్చు. 'ఫ్రీ' అంటే ఉచితమా, ఖాళీ జాగానా, స్వేచ్ఛా? 'ఓపెన్' అంటే తెరవమని ఆజ్ఞా, తెరిచి ఉందని సమాచారమా? ఈ వరుసలు చూడకుండా తేలదు.

అప్పటికీ తేలకపోతే వేరే భాషల అనువాదం చూడండి. పాంటూన్, వెబ్లేట్ రెండూ దాన్ని పక్కనే చూపిస్తాయి. ఈ విషయంలో చిత్తూరు జిల్లావాళ్ళకు ఒక సదుపాయం ఉంది. కుప్పం, పలమనేరు, నగరి వైపు తమిళమో కన్నడమో చెవిన పడని ఇల్లు తక్కువ. తమిళంలోనూ కన్నడంలోనూ క్రియ చివరే వస్తుంది, విభక్తి పేరుకు అతుక్కునే వస్తుంది. మనకు వచ్చిన చిక్కే వాళ్ళకూ వచ్చి ఉంటుంది, వాళ్ళెలా దాటారో చూస్తే దారి దొరుకుతుంది.

పేరు వచ్చి కూర్చునే ఖాళీలు

వాక్యాల్లో '%ఎస్', '%డీ' లాంటివి కనిపిస్తాయి. (ఇక్కడ తెలుగులో రాశాం గానీ ఫైల్లో అవి ఇంగ్లీషు అక్షరాలు, అలాగే ఉంచాలి.) మొదటిదాని చోట ఏదో పేరు, రెండోదాని చోట ఏదో అంకె వస్తుంది. కొన్ని ప్రాజెక్టుల్లో మీసాల బ్రాకెట్ల మధ్య పేరు ఉంటుంది. ఏ రూపంలో ఉన్నా ఆ ముక్కను తెలుగు చేయకూడదు, వదిలేయకూడదు, మధ్యలో ఖాళీ పెట్టకూడదు. '%డీ' ఉండాల్సిన చోట '%ఎస్' పడితే కొన్ని ప్రోగ్రాములు తెలుగులో తెరవగానే ఆగిపోతాయి.

ఇప్పుడు మొదటి బస్సు సంగతికి వద్దాం. '%ఎస్‌కు బస్సులు' అని రాస్తే 'తిరుపతికు బస్సులు' అని వస్తుంది. '%ఎస్‌కి' అని రాస్తే 'కాణిపాకంకి'. రెండూ తప్పే. దీనికి మందు మన మాటలోనే ఉంది: '%ఎస్ వెళ్ళే బస్సులు'. తిరుపతి వెళ్ళే బస్సులు, చిత్తూరు వెళ్ళే బస్సులు, కాణిపాకం వెళ్ళే బస్సులు. విభక్తి అవసరమే రాలేదు, వాక్యం ఇంకా తెలుగుగా ఉంది. ఎక్కడైనా ఖాళీకి కి, కు, ని, ను తగిలించాల్సి వస్తే ముందు ఇలాంటి దారి ఉందేమో వెతకండి. నుంచి, వరకు, గురించి లాంటివి పేరును పెద్దగా మార్చవు కాబట్టి వాటితో అంత భయం లేదు.

దారి లేనప్పుడు 'అనే' సాయం తీసుకోండి. ఒక ఫైలును తీసేయాలా అని అడిగే వాక్యంలో '%ఎస్‌ను తొలగించాలా?' బదులు '"%ఎస్" అనే ఫైలును తొలగించాలా?' అని రాస్తే విభక్తి బరువంతా 'ఫైలు' మోస్తుంది. దాని రూపం మన చేతిలోనే ఉంది. అయితే అక్కడ ఫైలే వస్తుందని ఖాయంగా తెలియాలి. ఫోల్డరు కూడా రావచ్చనుకుంటే 'దీన్ని తొలగించాలా: %ఎస్' అనండి.

'లో' తగిలించేటప్పుడు ఇంకో సూక్ష్మం ఉంది. ఖాళీలో 'రిపోర్ట్' అని పొల్లుతో ముగిసే పేరు వస్తే, వెనకే ఉన్న లకారం దానికి వత్తుగా అతుక్కుని 'రిపోర్ట్లో' అయిపోతుంది. ఖాళీకి ఉల్లేఖన చిహ్నాలు పెట్టి ఆ తర్వాత 'లో' రాస్తే అతుక్కోదు. లేదంటే మధ్యలో ఆ కనిపించని అక్షరం పెట్టండి.

ఖాళీలు రెండుంటే వరుస చూడాలి. 'పేజ్ %డీ ఆఫ్ %డీ' అన్నదాన్ని తెలుగులో '12 పేజీల్లో 3వది' అనాలి, అంటే రెండో అంకె ముందుకు రావాలి. వరుస చెప్పకుండా రాస్తే తెర మీద '3 పేజీల్లో 12వది' అని వస్తుంది. సీ భాష పద్ధతిలో '%2$డీ పేజీల్లో %1$డీవది' అని అంకెలు వేయాలి. ఒకదానికి అంకె వేస్తే అన్నిటికీ వేయాలి. ఖాళీకి పేరు ఉన్న పద్ధతుల్లో ఈ తంటా లేదు, ముందువెనకలు చేసుకోవచ్చు.

మనుషుల పేర్లు వచ్చే చోట క్రియ దగ్గర జాగ్రత్త. ఫలానావారు సందేశం పంపారన్న వాక్యంలో పంపాడు, పంపింది రెండూ కుదరవు. 'పంపారు' మర్యాదగా ఉంటుంది గానీ పంపింది ఏదో యంత్రమో సంస్థో అయితే అదీ నప్పదు. '%ఎస్ నుంచి సందేశం వచ్చింది' అంటే ఎవరికైనా సరిపోతుంది.

ఒకటి, అనేకం

తెలుగుకు పీవో ఫైలు తలభాగంలో బహువచన రూపాలు రెండు అని ఉండాలి, అంకె ఒకటి కాకపోతే రెండో రూపం అని సూత్రం ఉండాలి. సున్నాకూ రెండో రూపమే: '0 ఫైళ్ళు'. మొదటి రూపం ఒకటికి మాత్రమే కాబట్టి అక్కడ అంకె వదిలేసి 'ఒక ఫైలు' అని రాయవచ్చు.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు 'మంది' మరవకండి. '5 వాడుకరులు ఉన్నారు' అని ఎవరూ అనరు. మొదటి రూపంలో 'ఒకరు ఉన్నారు', రెండో రూపంలో '%డీ మంది ఉన్నారు'. ఇద్దరు, ముగ్గురు అని తెప్పించడం రెండు రూపాల్లో వీలుకాదు, '2 మంది'తో సరిపెట్టుకోవాలి.

కాలం చెప్పే వాక్యాల్లో ఒక ఉచ్చు ఉంది. 'క్రితం' అన్న మాట ముందు 'నిమిషాలు' కాదు, 'నిమిషాల' అనాలి. '%డీ మినిట్స్ అగో' మొత్తం ఒకే వాక్యంగా ఇస్తే '%డీ నిమిషాల క్రితం' అని హాయిగా రాసుకోవచ్చు. కొన్ని ప్రోగ్రాములు 'ఐదు నిమిషాలు' అన్న ముక్కను ఒక చోట తయారుచేసి, '%ఎస్ అగో' అన్న ఇంకో ముక్కలో దాన్ని దూరుస్తాయి. అప్పుడు '5 నిమిషాలు క్రితం' అవుతుంది. అలాంటి చోట '%ఎస్ అయింది' అని రాస్తే గట్టెక్కుతుంది. '5 నిమిషాలు అయింది', '1 రోజు అయింది'.

ఇలా వాక్యాన్ని ముక్కలు చేసి అతికించడం ప్రోగ్రాంలో ఉన్న లోపం. దాన్ని బగ్‌గా నమోదు చేయండి. వాక్యం ఏది, ఏ ఫైల్లో ఎన్నో వరుసలో ఉంది, ఇప్పుడు తెర మీద ఏం వస్తోంది, ఏం రావాలి, ముక్కల బదులు ఖాళీలున్న ఒకే పూర్తి వాక్యం ఇస్తే చాలని ఐదారు వరుసల్లో రాయండి. ఒక్క తెలుగుకే కాదు, క్రియ చివర వచ్చే భాషలన్నిటికీ మేలు జరుగుతుంది.

మీటకు ఒక మాట, మనిషికి ఒక మాట

మీటల మీద, మెనూల్లో 'తెరువు', 'తొలగించు', 'సేవ్ చేయి' అని పొట్టిగా రాయండి. అక్కడ వాడేవారు కంప్యూటర్‌కు ఆజ్ఞ ఇస్తున్నారు, కాబట్టి అమర్యాద ఏమీ లేదు. కంప్యూటర్ మనిషితో మాట్లాడే చోట మాత్రం 'ఎంచుకోండి', 'మళ్ళీ ప్రయత్నించండి' అని మీరు అనే మర్యాదలోనే ఉండాలి. ఈ తేడా ఫైలంతా ఒకేలా నడవాలి.

'బడు' వాడకాన్ని వీలైనంత తగ్గించండి. 'ఫైలు తెరవబడలేదు' అని ఎవరి నోటా రాదు, 'ఫైలు తెరుచుకోలేదు' అంటే పసిపిల్లలకూ తెలుస్తుంది.

మాటల ఎంపికలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే షాపుకు వెళ్ళినవారు ఏ మాట అంటారో అది వాడండి. ఫైలు, ఫోల్డరు, పాస్‌వర్డ్, డౌన్‌లోడ్ జనం నోట్లో ఇప్పటికే తెలుగైపోయాయి. వెతుకు, పంపు, పేరు మార్చు, వెనక్కి లాంటివి ఎలాగూ మనవే, వాటిని ఇంగ్లీషులో వదిలేయడం అన్యాయం. అయితే ప్రాజెక్టులో ఇప్పటికే 'దస్త్రం', 'సంకేతపదం', 'అమరికలు' అని నడుస్తుంటే మీరూ అవే రాయండి. నచ్చకపోతే జట్టులో చర్చపెట్టి అన్నిచోట్లా ఒకేసారి మార్పించండి. ఒక తెర మీద దస్త్రం, ఇంకో తెర మీద ఫైలు కనిపిస్తే వాడేవాళ్ళు అవి రెండు వేరు వస్తువులనుకుంటారు. శాస్త్రపదాలు కావాల్సినప్పుడు ఆంధ్రభారతి నిఘంటువుల్లో వెతకండి, తెలుగు అకాడమీ పదకోశాలూ పనికొస్తాయి. 'ఆడ', 'ఈడ', 'కాడ' మన చెవికి తీపే గానీ, ఇదే ఫైలు శ్రీకాకుళంలోనూ ఆదిలాబాదులోనూ తెరుస్తారు. అందరికీ తెలిసిన రూపమే రాయండి.

యంత్రానువాదం పెట్టి గుద్దేయకండి. 'హోమ్'ను ఇల్లు, టికెట్ 'బుక్' చేయడాన్ని పుస్తకం చేసిన తెరలు చూసే జనం తెలుగును వదిలి ఇంగ్లీషుకు మారిపోతారు. చాలా ప్రాజెక్టులు మనిషి చూడని యంత్రానువాదాన్ని ఒప్పుకోవు. వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ నుంచి వాక్యాలు ఎత్తి తేవడమూ కూడదు, దాని హక్కులు వాళ్ళవి.

చిన్న చిన్నవి కొన్ని. మూలం చివర '\ఎన్' అన్న వరుసవిరుపు ఉంటే అనువాదం చివరా ఉండాలి. లోపల రెట్టింపు ఉల్లేఖన చిహ్నాలు రాయాలంటే ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. అంకెలు 1, 2, 3 లనే వాడండి. మెనూ మాటల్లో ఒక అక్షరం ముందు అండర్‌స్కోరో, ఆంపర్‌శాండో ఉంటే అది ఆల్ట్ మీటతో కలిపి నొక్కే షార్ట్‌కట్. తెలుగు అక్షరాలతో అది నడవదు కాబట్టి, తెలుగు మాట రాసి చివర బ్రాకెట్లో ఆ గుర్తును, అదే ఇంగ్లీషు అక్షరాన్ని ఉంచడం తెలుగు జట్ల అలవాటు. ఆండ్రాయిడ్ ఫైళ్ళలో ఒంటి ఉల్లేఖన చిహ్నానికి ముందు కూడా వాలుగీత కావాలి, లేకపోతే యాప్ తయారీ ఆగిపోవచ్చు.

తెర మీద చూడందే పంపకండి

ముందు ఫైలును తనిఖీ చేయించండి. లినక్స్‌లో గెట్‌టెక్స్ట్ పెట్టుకుంటే 'ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ' అనే ఆదేశం వస్తుంది. దానికి 'చెక్' ఎంపిక ఇస్తే ఖాళీల తేడాలు, వరుసవిరుపుల తేడాలు వరుస సంఖ్యతో సహా చెబుతుంది. 'స్టాటిస్టిక్స్' కూడా కలిపితే ఎన్ని పూర్తయ్యాయో, ఎన్ని మిగిలాయో లెక్క వస్తుంది. వెబ్లేట్‌లో ఈ పరీక్షలు అక్కడికక్కడే జరుగుతాయి, వాక్యం కింద వచ్చే హెచ్చరికల్ని చదవకుండా దాటేయకండి.

తర్వాత ప్రోగ్రాంను తెలుగులో నడపండి. పోఎడిట్ ఫైలును భద్రపరచగానే ప్రోగ్రాం చదవగలిగే ఎంఓ ఫైలు తయారవుతుంది. దాన్ని ప్రోగ్రాం వెతికే 'లొకేల్' ఫోల్డరులో, 'టీఈ' కింద పెట్టాలి. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో ప్రోగ్రాం పేరుకు ముందు 'లాంగ్వేజ్=టీఈ' అని రాసి నడిపిస్తే చాలు. మొదటి మాట పెద్ద అక్షరాల్లో, 'టీఈ' చిన్న అక్షరాల్లో ఉండాలి. సిస్టం లొకేల్ (అంటే భాష, ప్రాంతం అమరిక) వట్టి 'సీ' అయి ఉంటే ఇది పట్టించుకోదు, అలా ఇంగ్లీషే కనిపిస్తుంటే ముందు లొకేల్ మార్చండి. ఫోన్లో అయితే భాషను తెలుగుకు మార్చి చూడటమే.

తెర మీద మూడు చూడాలి. మీటలో మాట పట్టిందా, లేక సగం తెగిందా? గుడులు, వత్తులు నిలువునా కోసుకుపోలేదు కదా? తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కన్నా ఎత్తు. 'స్త్రీ', 'కృష్ణ' లాంటి మాటలు పైనా కిందా జాగా అడుగుతాయి, అది లేకపోతే బగ్ నమోదు చేయండి. మూడోది నిడివి పరిమితి. యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు. 'తిరుపతి'లో గుణింతపు గుర్తులతో కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. పేరుకు 20 బైట్లే ఇచ్చిన ప్రోగ్రాంలో తిరుపతి పట్టదు.

ఆఖరి పరీక్ష మనిషితో. ఇంగ్లీషు రాని ఒకరికి ఫోను ఇచ్చి ఒక పని చెప్పండి, ఫోటో పంపమనో, పేరు మార్చమనో. మీరు నోరు విప్పకండి. ఎక్కడ వేలు ఆగిందో ఆ మాట రాసుకోండి.

పంపడం, పంపాక

వేదికలోనే నేరుగా రాస్తే భద్రపరచడంతో మీ వంతు పని అయిపోయినట్టు. గిట్‌హబ్ అయితే ప్రాజెక్టును ఫోర్క్ చేసి (మీ ఖాతాలోకి నకలు తీసుకుని), అందులో కొత్త బ్రాంచి అనే పాయ తెరిచి ఫైలు మార్చి, పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పెట్టాలి. అందులో తెలుగు ఫైలు తప్ప ఇంకేదీ మారకూడదు. విండోస్ నోట్‌ప్యాడులో దిద్దితే 'బామ్'తో ఉన్న యూటీఎఫ్-8 ఎంచుకోకుండా చూసుకోండి, ఫైలు మొదట్లో చేరే ఆ కనిపించని గుర్తును కొన్ని పనిముట్లు తప్పుగా పట్టుకుంటాయి.

గడువు తెలుసుకోండి. గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో విడుదలవుతుంది. దానికి కొన్ని వారాల ముందు ఇంగ్లీషు వాక్యాల్ని మార్చకుండా స్తంభింపజేస్తారు. అనువాదానికి మంచి అదను అదే, ఎందుకంటే అప్పుడు చేసిన వాక్యం మళ్ళీ కాళ్ళ కింద నుంచి కదిలిపోదు.

కొత్త విడుదలకు ముందు ఫైల్లో కొన్ని వాక్యాలు 'ఫజ్జీ' అని గుర్తుతో కనిపిస్తాయి. పోఎడిట్‌లో, వెబ్లేట్‌లో వాటి మీద మళ్ళీ చూడాలన్న గుర్తు ఉంటుంది. ఇంగ్లీషు మూలం మారింది, పాత తెలుగును అంచనాగా దాని పక్కన పెట్టారు అని అర్థం. గుర్తు ఉన్నంతకాలం తెర మీద ఇంగ్లీషే వస్తుంది. గుర్తు తీసేస్తే తెలుగు వస్తుంది కదా అని చదవకుండా తీసేయకండి. నిన్నటి మూలం 'ఈ ఫైలును తొలగించు' అయి ఉండి, ఈరోజు అది 'ఫైళ్ళన్నీ తొలగించు' అయితే, పాత తెలుగు చదివి మీట నొక్కినవారి ఫైళ్ళన్నీ పోతాయి. కొత్త వాక్యాల జోలికి వెళ్ళేముందు ఫజ్జీలన్నీ ఒక్కొక్కటిగా, పాత మూలాన్నీ కొత్త మూలాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ముగించండి.